కమ్యూనిటీ ఫౌండేషన్ గ్రాంట్ ఎలా ఇస్తుంది? అమెరికాలో సేవా సంస్థలు నడిపే తెలుగువాళ్ళ ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూనే శనివారాలు ఫుడ్ ప్యాంట్రీ నడిపేవాళ్ళు, పిల్లలకి ఉచితంగా ట్యూషన్ చెప్పేవాళ్ళు, కారు నడపలేని పెద్దవాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు మన తెలుగువాళ్ళలో చాలామందే ఉన్నారు. మొదట్లో సొంత డబ్బుతోనో, వాట్సాప్ గ్రూపులో పోగైన డబ్బుతోనో బండి నడుస్తుంది. కొన్నాళ్ళకి అది సరిపోదు. అప్పుడెవరో "మన కౌంటీ కమ్యూనిటీ ఫౌండేషన్‌కి అప్లై చేయొచ్చు కదా" అంటారు. ప్రశ్నలన్నీ అక్కడే మొదలవుతాయి. దరఖాస్తులు రాసేవాళ్ళకి సాయపడినప్పుడూ, వాటిని చదివే కమిటీలో కూర్చున్నప్పుడూ మళ్ళీ మళ్ళీ విన్న ప్రశ్నలు ఇక్కడ పెట్టాను. నియమాలు ఒక్కో ఫౌండేషన్‌కి ఒక్కోలా ఉంటాయి కాబట్టి, దీనితో పాటు మీ ప్రాంతపు ఫౌండేషన్ మార్గదర్శకాలు కూడా తప్పకుండా చదవండి.

అసలు కమ్యూనిటీ ఫౌండేషన్ అంటే ఏమిటి?

ఒక ఊరికో, కౌంటీకో చెందిన ఎందరో దాతల డబ్బుని ఒకచోట చేర్చి, మదుపు చేసి, దాని మీద వచ్చే రాబడిని ఆ ప్రాంతంలోని సేవా సంస్థలకి గ్రాంట్లుగా ఇచ్చే సంస్థ. మొట్టమొదటిది 1914లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన ఫ్రెడరిక్ గాఫ్ వృత్తిరీత్యా లాయరు. అప్పటికి క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకుకి అధ్యక్షుడు. డబ్బున్నవాళ్ళు "నా ఆస్తి ఫలానా పనికే వాడాలి" అని విల్లు రాసి పోతారు. కొన్నేళ్ళకి ఆ పనితో ఎవరికీ అవసరం ఉండదు. డబ్బు మాత్రం ఎవరికీ పనికిరాకుండా బ్యాంకులో పడి ఉంటుంది. గాఫ్‌ని బాధపెట్టిన విషయం ఇదే. అందరి డబ్బూ ఒక నిధిగా ఉంచి, ఏ కాలానికి ఏది అవసరమో అప్పటి స్థానికులతో వేసిన కమిటీ తేల్చేలా ఆయన ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడాదే చికాగో, బోస్టన్ ఆ దారి పట్టాయి. న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్ 1924లో వచ్చింది. ఇప్పుడు అమెరికాలో ఇలాంటివి 750కి పైగా ఉన్నాయి. ఇండియానాలో అయితే 1990లో లిల్లీ ఎండోమెంట్ అనే ప్రైవేట్ ఫౌండేషన్ మొదలుపెట్టిన కార్యక్రమం పుణ్యమా అని ఆ రాష్ట్రంలోని 92 కౌంటీలకీ కమ్యూనిటీ ఫౌండేషన్ సేవలు అందుతున్నాయి.

ప్రైవేట్ ఫౌండేషన్‌కీ దీనికీ తేడా ఏమిటి?

ప్రైవేట్ ఫౌండేషన్ వెనక సాధారణంగా ఒక కుటుంబమో, ఒక కంపెనీయో ఉంటుంది. కమ్యూనిటీ ఫౌండేషన్‌ది పదిమంది డబ్బు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లెక్కలో అది కూడా మీ సంస్థలాగే పబ్లిక్ చారిటీ, అంటే ప్రజల విరాళాలతో నడిచే సేవా సంస్థ. తన ఆదాయంలో తగినంత వాటా ప్రజల నుంచి వస్తోందని అది కూడా చూపించాలి. అంటే మీకు గ్రాంటు ఇచ్చే సంస్థ కూడా విరాళాలు అడుగుతూనే ఉంటుంది.

వాళ్ళ దగ్గర కోట్ల డాలర్లు ఉన్నాయి కదా, మాకు ఓ 5,000 ఇవ్వడానికి అంత ఆలోచన ఎందుకు?

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేదీ, కొంచెం నిష్ఠూరంగా వినపడేదీ ఈ ప్రశ్నే. దీనికి జవాబు అర్థమైతే మిగతా నియమాలు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

తిరుమలలో హుండీలో వేసిన డబ్బు వేరు, అన్నప్రసాదం ట్రస్టుకి ఇచ్చిన విరాళం వేరు. రెండోదాన్ని అన్నదానానికే వాడాలి. కమ్యూనిటీ ఫౌండేషన్‌లో డబ్బు ఎక్కువ భాగం ఈ రెండో రకం. లోపల వందల ఫండ్లు ఉంటాయి, ప్రతి ఫండ్‌కీ దాత పెట్టిన షరతు ఉంటుంది. కొన్ని స్కాలర్‌షిప్పులకే. కొన్ని ఏటా ఫలానా లైబ్రరీకో, ఫలానా ఆసుపత్రికో వెళ్ళాలి. కొన్ని పిల్లల ఆరోగ్యం, పర్యావరణం వంటి ఒక రంగానికి పరిమితం. కొన్నిట్లో ఎవరికివ్వాలో దాత బతికున్నన్నాళ్ళూ సలహా ఇస్తుంటారు. వీటిని డోనర్ అడ్వైజ్డ్ ఫండ్లు అంటారు. చాలా ఫౌండేషన్లలో పెద్ద వాటా వీటిదే. ఏ షరతూ లేకుండా "ఊరికి ఏది అవసరమైతే దానికి వాడండి" అని ఇచ్చిన డబ్బు ఆఖర్న మిగిలే చిన్న ముక్క. మీరు అప్లై చేసే బహిరంగ గ్రాంట్లు ముఖ్యంగా ఆ ముక్కలోంచి, రంగాలవారీ ఫండ్లలోంచి వస్తాయి.

లెక్క కోసం ఒక ఫౌండేషన్ దగ్గర 10 కోట్ల డాలర్లు ఉన్నాయనుకుందాం. అందులో షరతుల్లేనిది కోటిన్నర అనుకోండి. ఆ అసలు సొమ్ము తరతరాలు నిలవాలి, అందుకని ఏటా దాని విలువలో నాలుగైదు శాతం మాత్రమే ఖర్చు పెడతారు. అది కూడా ఈ ఏటి మార్కెట్ ధరని బట్టి కాదు, సాధారణంగా గత మూడేళ్ళ సగటు మీద. నాలుగున్నర శాతం చొప్పున 6,75,000 డాలర్లు వస్తుంది. మూడు వందల సంస్థలు తలా 10,000 అడిగితే మొత్తం 30 లక్షలు. అంటే అడిగిన ప్రతి నాలుగు డాలర్లలో ఒక్కటి కూడా ఇవ్వలేరు. చేతిలో ఉన్నది అంతే కాబట్టే ఒక్కో దరఖాస్తుని అంతగా వడపోస్తారు.

మేం పక్క కౌంటీలో కూడా పనిచేస్తాం. ఆ పనికి ఇవ్వరా?

ఎక్కువసార్లు ఇవ్వరు. వాళ్ళ డబ్బుకి భౌగోళిక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటించడం అంత తేలిక కాదు.

కాలిఫోర్నియాలో జరిగిన ఒక కేసు చూస్తే ఇది ఎంత గట్టి విషయమో తెలుస్తుంది. 1975లో చనిపోయిన బెరిల్ బక్ తన ఆస్తిని మారిన్ కౌంటీలోని పేదల కోసం, అక్కడి ఇతర ధర్మకార్యాల కోసం రాసి, శాన్ ఫ్రాన్సిస్కో ఫౌండేషన్‌కి పంపిణీ బాధ్యత అప్పగించారు. అందులో ముఖ్యమైనవి బెల్‌రిడ్జ్ ఆయిల్ అనే కంపెనీ షేర్లు. మొదట సుమారు కోటి డాలర్ల ఆస్తి అనుకున్నారు. 1979లో షెల్ ఆ కంపెనీని కొనడంతో దాని విలువ పాతిక కోట్ల డాలర్లు దాటిపోయింది. మారిన్ అప్పటికే దేశంలోని సంపన్న కౌంటీల్లో ఒకటి. పక్కనే ఓక్లాండ్‌లో అంతకన్నా ఎంతో పేదరికం ఉంది. కొంత డబ్బు మిగతా బే ఏరియాలో కూడా ఖర్చు చేయనివ్వమని 1984లో ఫౌండేషన్ కోర్టుకెళ్ళింది. కోర్టు ఒప్పుకోలేదు. 1986లో ఆ ట్రస్టు బాధ్యత శాన్ ఫ్రాన్సిస్కో ఫౌండేషన్ చేతుల్లోంచి పోయింది, దాని కోసం మారిన్ కమ్యూనిటీ ఫౌండేషన్ ఏర్పడింది.

ఆ తీర్పు న్యాయమేనా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. నాకైతే ఓక్లాండ్ పిల్లల వైపే మనసు మొగ్గుతుంది. కానీ ప్రోగ్రామ్ ఆఫీసర్ (ఫౌండేషన్‌లో గ్రాంట్ల పని చూసే ఉద్యోగి) మిమ్మల్ని "ఈ కౌంటీ వాళ్ళు ఎంతమంది లబ్ధి పొందుతారు?" అని గుచ్చి గుచ్చి అడిగేది ఇందుకే. కాబట్టి లబ్ధిదారుల జిప్ కోడ్‌లు మొదటి రోజు నుంచీ రాసిపెట్టుకోండి. తర్వాత పోగుచేయడం చాలా కష్టం.

అప్లై చేయడానికి ఏ అర్హతలు కావాలి?

ఐఆర్‌ఎస్ 501(సి)(3) గుర్తింపు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థగా గుర్తింపు ఉండాలి. చిన్న సంస్థలైతే ఫారం 1023-ఈజెడ్ వేయొచ్చు. ఏటా ఆదాయం 50,000 డాలర్లు దాటదనీ, ఆస్తులు 2,50,000 లోపేననీ ఉంటేనే ఇది కుదురుతుంది. ఫీజు 275 డాలర్లు. పూర్తి ఫారం 1023కి 600.

గుర్తింపు వచ్చాక నిర్లక్ష్యం చేయకండి. ఆదాయం మామూలుగా 50,000 లోపు ఉన్న సంస్థ కూడా ఏటా ఆన్‌లైన్‌లో 990-ఎన్ అనే చిన్న ఫారం వేయాలి. అయిదు నిమిషాల పని. వరసగా మూడేళ్ళు వేయకపోతే గుర్తింపు దానంతటదే రద్దవుతుంది. దరఖాస్తు అందగానే ఫౌండేషన్ సిబ్బంది ముందుగా చూసేది ఐఆర్‌ఎస్ జాబితాలో మీ పేరు ఉందా లేదా అనే. కోశాధికారి మారినప్పుడు ఈ ఫైలింగ్ ఎవరిదో తెలియక వదిలేసిన సంస్థలు చాలా ఉన్నాయి. బోర్డు మీటింగ్ మినిట్స్‌లో ఫైలింగ్ తేదీ, బాధ్యుడి పేరు రాసుకోండి. విరాళాలు సేకరించే సంస్థలు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర విడిగా రిజిస్టర్ కావాలన్న నిబంధన కూడా చాలా రాష్ట్రాల్లో ఉంది.

మాకింకా 501(సి)(3) రాలేదు. దారే లేదా?

ఉంది. ఇప్పటికే గుర్తింపు ఉన్న ఒక సంస్థని ఫిస్కల్ స్పాన్సర్‌గా పెట్టుకోవచ్చు. గ్రాంటు వాళ్ళ పేరు మీద వస్తుంది, లెక్కలు వాళ్ళు చూస్తారు, పని మీరు చేస్తారు. దానికి వాళ్ళు కొంత శాతం తీసుకుంటారు. సాధారణంగా 5 నుంచి 10 వరకు ఉంటుంది, ఇంకా ఎక్కువ తీసుకునేవాళ్ళూ ఉన్నారు. స్నేహితుడి సంస్థే కదా అని నోటి మాట మీద నడపొద్దు. డబ్బు మీద చట్టపరంగా అధికారం స్పాన్సర్‌దే కాబట్టి ఒప్పందం రాసుకోవాల్సిందే.

మాది గుడి కమిటీ. తెలుగు సంఘం. మాకిస్తారా?

పూజలకి, ఉత్సవాలకి, గుడి కట్టడానికి కమ్యూనిటీ ఫౌండేషన్ బహిరంగ గ్రాంట్లు దొరకవు. చర్చికైనా, మసీదుకైనా ఇదే నియమం. కానీ గుడి వంటశాలలో వండి కులం, మతం, భాష అడగకుండా ఎవరొచ్చినా భోజనం పెడుతున్నారంటే ఆ పనికి అడగొచ్చు. చాలా ఫౌండేషన్లు ఇస్తాయి. ఆ పని లెక్కలు విడిగా ఉంచాలి, భోజనానికి వచ్చినవాళ్ళు పూజలో కూర్చోవాలన్న షరతు ఉండకూడదు.

తెలుగు సంఘాలదీ అదే సంగతి. ఉగాది వేడుకకి గ్రాంటు అడిగితే "ఇది మీ సభ్యుల కోసమే కదా" అంటారు. అదే సంఘం పిల్లల దగ్గరికొచ్చి ఇక్కడే ఉండిపోయిన అమ్మానాన్నల కోసం బీపీ, షుగర్ పరీక్షల శిబిరం పెట్టి, తెలుగులో మాట్లాడే నర్సుని కూర్చోబెడితే కమిటీ శ్రద్ధగా చదువుతుంది. ఇంగ్లీషు రాక డాక్టరు చెప్పింది అర్థం కాని పెద్దావిడ పరిస్థితి కమిటీలో ఎవరికీ తట్టి ఉండకపోవచ్చు. ఆ అవసరం మీరు చెబితేనే వాళ్ళకి తెలుస్తుంది.

దరఖాస్తు పెట్టిన దగ్గర్నుంచి చెక్ వచ్చేదాకా ఏం జరుగుతుంది?

కొన్నిచోట్ల ముందు రెండు పేజీల ఆసక్తి లేఖ అడుగుతారు. అందులోంచి కొన్నిటిని ఎంపిక చేసి పూర్తి దరఖాస్తు పంపమంటారు. మిగతా చోట్ల నేరుగా ఆన్‌లైన్ ఫారమే. సిబ్బంది అర్హత చూస్తారు, తర్వాత సిబ్బందీ వాలంటీర్లతో కూడిన కమిటీ చదివి మార్కులు వేస్తుంది, సందేహాలున్నచోట మీ పని జరిగే చోటు చూడటానికి (సైట్ విజిట్‌కి) వస్తారు, కమిటీ సిఫారసు బోర్డుకి వెళ్తుంది, బోర్డు ఆమోదించాక ఒప్పందం సంతకం, ఆ తర్వాత డబ్బు. మొత్తం మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. వచ్చే నెల అద్దె కట్టడానికి ఈ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ముందే ఫోన్ చేస్తే సిఫారసు కోసం చేశారనుకోరా?

అనుకోరు. మనవాళ్ళు ఎక్కువగా మొహమాటపడేది ఇక్కడే. పెద్ద ఆఫీసు, మనమెవరో వాళ్ళకి తెలియదు, విసుక్కుంటారేమో అని ఆగిపోతారు. కొత్త సంస్థలతో మాట్లాడటం ఆ ఉద్యోగంలో భాగం. "ఈ పని మీ ఈ ఏటి ప్రాధాన్యాల్లోకి వస్తుందా?" అని పావుగంట మాట్లాడితే, రాదు అన్నప్పుడు మీకు ముప్పై గంటల రాత పని తప్పుతుంది. వస్తుంది అన్నప్పుడు ఏ ఫండ్ కింద అడగాలో, సాధారణంగా ఎంత ఇస్తారో కూడా చెబుతారు. ఫోన్‌కి ముందు మార్గదర్శకాలు చదివి ఉండండి. అందులో ఉన్నదే మళ్ళీ అడిగితే మాత్రం వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది.

దరఖాస్తులో ఏం రాస్తే బాగుంటుంది?

మీరు చేసే పని చదివేవాళ్ళ కళ్ళకి కట్టాలి. ఒక ఫుడ్ ప్యాంట్రీ ఉందనుకోండి. చాలామంది ఇలా మొదలుపెడతారు:

"సమాజంలో ఆకలిని రూపుమాపి, అణగారిన వర్గాల జీవితాల్లో వెలుగు నింపాలన్న మహత్తర ఆశయంతో మా సంస్థ అహర్నిశలు కృషి చేస్తోంది."

ఇది చదివాక కమిటీకి ఏమీ తెలియదు. అదే సంస్థ ఇలా రాయొచ్చు:

"ప్రతి శనివారం ఉదయం 9 నుంచి 11 దాకా ఎలిమెంటరీ స్కూల్ పార్కింగ్‌లో సరుకులు ఇస్తున్నాం. నిరుడు వారానికి 60 కుటుంబాలు వచ్చేవి, ఇప్పుడు 85 వస్తున్నాయి. ఫుడ్ బ్యాంక్ శుక్రవారం సాయంత్రం పాలు, గుడ్లు, ఆకుకూరలు ఇస్తానంటోంది. రాత్రంతా నిల్వ ఉంచడానికి ఫ్రిజ్ లేక సగం వద్దంటున్నాం. రెండు తలుపుల ఫ్రిజ్ ఉంటే అవన్నీ తీసుకుని, 85 కుటుంబాలకీ బియ్యం, డబ్బాల సరుకులతో పాటు తాజా ఆహారం ఇవ్వగలం."

రెండో దానిలో ఆడంబరమైన మాట ఒక్కటీ లేదు. అవసరం ఏమిటో, డబ్బొస్తే ఏం మారుతుందో, మారిందని ఎలా తెలుస్తుందో అంతా ఉంది. ఏడాది చివర రిపోర్టు రాయడం కూడా తేలిక: పాలు, గుడ్లు ఎన్ని వారాలు, ఎన్ని కుటుంబాలకి ఇచ్చారో చెబితే చాలు.

ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. చిన్న వాక్యాలు చాలు. దరఖాస్తుని ఇప్పుడు ఏఐ టూల్స్‌తో రాయించుకునేవాళ్ళు పెరిగారు. తప్పులు దిద్దుకోవడానికి వాడుకోండి గానీ, పార్కింగ్ లాట్ సంగతీ ఫ్రిజ్ సంగతీ మీకు తప్ప దానికి తెలియదు.

మీలాంటి పని చేసే మరో సంస్థ ఊళ్ళో ఉంటే ఆ పేరు దాచకండి. కమిటీకి ఎలాగూ తెలుసు. వాళ్ళతో ఎలా కలిసి పనిచేస్తున్నారో, వాళ్ళు చేరుకోలేని ఎవరిని మీరు చేరుకుంటున్నారో రాయండి.

బడ్జెట్ ఎలా వేయాలి? ఆఫీసు ఖర్చులు చూపిస్తే కొట్టేస్తారా?

పైన చెప్పిన ప్యాంట్రీ బడ్జెట్ ఇలా ఉండొచ్చు: ఫ్రిజ్ 4,200, ఏడాదిలో 50 శనివారాలకి వ్యాన్ అద్దె రోజుకి 40 చొప్పున 2,000, ఇన్సూరెన్స్ 900, అకౌంటెంటుకీ ఫైలింగులకీ 900. మొత్తం 8,000 డాలర్లు. చాలామంది ఆ చివరి 1,800 భయంతో తీసేస్తారు. దయచేసి తీయకండి. ఇన్సూరెన్స్ లేకపోతే స్కూలు వాళ్ళు పార్కింగ్ లాట్ ఇవ్వరు, లెక్కలు లేకపోతే గుర్తింపు పోతుంది. అవి కూడా సేవలో భాగమే. "మేం ఆఫీసు ఖర్చు సున్నా" అని గొప్పగా చెప్పుకునే సంస్థలో ఆ ఖర్చు ఎవరో ఒకరు జేబులోంచి పెడుతున్నారు. వాళ్ళు అలసిపోయిన రోజున సంస్థ ఆగిపోతుంది. 2020 కోవిడ్ సమయంలో చాలా ఫౌండేషన్లు దరఖాస్తులు కుదించి, ఏ ఖర్చుకైనా వాడుకోనిచ్చే గ్రాంట్లు ఇచ్చాయి. కొన్ని ఆ పద్ధతి కొనసాగిస్తున్నాయి. మీ ఫౌండేషన్‌లో అలాంటిది ఉంటే ముందు దానికే అడగండి.

వాలంటీర్ల సమయాన్ని కూడా బడ్జెట్‌లో మీ వాటాగా విడిగా చూపించొచ్చు. ఇండిపెండెంట్ సెక్టర్ అనే జాతీయ సంస్థ ఏటా వాలంటీర్ గంటకి విలువ ప్రకటిస్తుంది. ఇటీవలి ఏళ్ళలో అది 30 డాలర్లకి పైనే ఉంటోంది. వచ్చినవాళ్ళ సంతకాల పుస్తకం ఒకటి పెట్టుకోండి.

ఎంత అడగాలి?

నిరుడు మీ సైజు సంస్థలకి ఆ ఫండ్ నుంచి ఎంత ఇచ్చారో చూసి అంత. మొత్తం బడ్జెట్ 20,000 ఉన్న సంస్థ ఒకేసారి 50,000 అడిగితే, ఇచ్చినా ఖర్చు పెట్టగలరా అన్న అనుమానం వస్తుంది.

నిరుడు ఎవరికిచ్చారో ఎక్కడ చూడాలి?

ఫౌండేషన్ ఏటా ఐఆర్‌ఎస్‌కి వేసే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు. అందులో షెడ్యూల్ ఐ అనే భాగంలో 5,000 డాలర్లకి మించి అందుకున్న సంస్థల పేర్లు, మొత్తాలు ఉంటాయి. ఐఆర్‌ఎస్ సైట్‌లోనూ, సేవా సంస్థల సమాచారం ఇచ్చే క్యాండిడ్ సైట్‌లోనూ (2019లో గైడ్‌స్టార్, ఫౌండేషన్ సెంటర్ కలిసి ఇది ఏర్పడింది) దొరుకుతుంది. ఒక సాయంత్రం కూర్చుని రెండు మూడేళ్ళవి చదవండి. ఆ జాబితాలో డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ల నుంచి వెళ్ళినవి కూడా కలిసిపోయి ఉంటాయని మాత్రం గుర్తుంచుకోండి.

సైట్ విజిట్‌కి వస్తున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏర్పాట్లేం చేయాలి?

శాలువాలు, బొకేలు, స్టేజీ వద్దు. మామూలు శనివారం ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వండి. ఏ పని ఎవరు చూస్తున్నారో వాళ్ళనే మాట్లాడనివ్వండి, అంతా ప్రెసిడెంట్ గారే చెప్పకుండా. సరుకులకొచ్చినవాళ్ళని వరసలో నిలబెట్టి ఫొటోలు తీయించొద్దు, వాళ్ళ గౌరవం ముఖ్యం. ఒక బోర్డు సభ్యుడు తప్పకుండా ఉండాలి. బోర్డులో భార్యాభర్తలే ఉంటే చాలాచోట్ల అక్కడే ఆగిపోతుంది, బంధుత్వం లేని సభ్యులని ముందే చేర్చుకోండి.

నిర్ణయం ఎవరిది? తెలిసినవాళ్ళుంటే పనవుతుందా?

చివరి మాట బోర్డుది. బోర్డులో స్థానిక లాయర్లు, టీచర్లు, డాక్టర్లు, వ్యాపారస్తులు ఉంటారు. దరఖాస్తు పెట్టిన సంస్థతో సంబంధం ఉన్న సభ్యుడు ఆ విషయం ముందే చెప్పి, ఆ చర్చలోంచీ ఓటులోంచీ తప్పుకోవాలి. కమిటీలో తెలిసినవాళ్ళుంటే వాళ్ళకి ఫోన్ చేసి ఇరుకున పెట్టకండి.

దానికన్నా మంచి పని, మీరే కమిటీలో చేరడం. దరఖాస్తులు చదివే వాలంటీర్ల కోసం చాలా ఫౌండేషన్లు వెతుకుతుంటాయి. మిషిగన్‌లోనైతే కెల్లాగ్ ఫౌండేషన్ సాయంతో కమ్యూనిటీ ఫౌండేషన్లలో యువ సలహా మండళ్ళు ఏర్పడ్డాయి. హైస్కూల్ పిల్లలే దరఖాస్తులు చదివి ఎవరికివ్వాలో సిఫారసు చేస్తారు. మన పిల్లలు కాలేజీ అప్లికేషన్ కోసం వాలంటీర్ గంటలు వెతుక్కుంటూ ఉంటారు కదా, మీ ఊళ్ళో ఇలాంటి మండలి ఉంటే అందులో కూర్చోబెట్టండి. ఊరి అవసరాలు అంత దగ్గరగా చూసే అవకాశం వాళ్ళకి ఇంకెక్కడా దొరకదు.

మేం అడగకుండానే ఫౌండేషన్ నుంచి చెక్ వచ్చింది. ఇదేంటి?

ఎవరో దాత తన డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ నుంచి మీకివ్వమని సలహా ఇచ్చారన్నమాట. మొదటిసారి 1931లో న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్‌లో వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు చాలా పెరిగింది. దాత డబ్బు ఫౌండేషన్‌కి ఇచ్చిన రోజే పన్ను మినహాయింపు తీసుకుంటారు, తర్వాత తీరిగ్గా సంస్థలని సూచిస్తారు. అందుకని దాతకి ధన్యవాదాలు చెప్పండి గానీ పన్ను రసీదు ఇవ్వకండి. చట్టప్రకారం ఆ విరాళం ఫౌండేషన్‌ది. అలాగే ఆ గ్రాంటుకి బదులుగా దాతకి గాలా డిన్నర్ టికెట్లు, వీఐపీ సీట్ల వంటివి ఇవ్వకూడదు. 2006 చట్టం తర్వాత అలాంటి ప్రయోజనం పొందిన దాత మీద పన్ను జరిమానా పడుతుంది. "సగం ఫండ్ నుంచి, సగం చేతి నుంచి ఇస్తాను, టేబుల్ ఇవ్వండి" అని మంచి మనసుతోనే అడిగేవాళ్ళుంటారు. అది కుదరదని మర్యాదగా చెప్పాలి.

ఆంధ్రలోని మా ఊరి బడికి, తెలంగాణలోని మా మండలం ఆసుపత్రికి ఈ గ్రాంటు ఇస్తారా?

బహిరంగ గ్రాంట్లు ఇవ్వరు, అవి స్థానిక ప్రాంతానికే. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ ద్వారా కొన్ని ఫౌండేషన్లు విదేశాలకి పంపుతాయి. అక్కడి సంస్థ అమెరికా పబ్లిక్ చారిటీతో సమానమేనని తేల్చుకోవాలి, లేదా ప్రతి డాలరు ఖర్చునీ వెంటబడి చూసుకోవాలి. రెండూ ఖర్చుతో కూడిన పనులు.

అటువైపు విదేశీ విరాళాలని నియంత్రించే భారత ప్రభుత్వ ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ఉంది. అందుకునే సంస్థకి ఆ రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి సంస్థ కనీసం మూడేళ్ళుగా పనిచేస్తూ, ఆ మూడేళ్ళలో 15 లక్షల రూపాయలు తన పనుల మీద ఖర్చు పెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు, అందుకున్న సంస్థ ఆ డబ్బుని మరో సంస్థకి బదలాయించకూడదు. పెద్ద సంస్థ ద్వారా ఊళ్ళోని చిన్న సంస్థకి పంపే పాత దారి అలా మూసుకుపోయింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు పంపితే అవుతుంది. ఊరికి పంపే ముందు ఇండియాలోని ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

గ్రాంటు వచ్చింది. ఇప్పుడు?

ఒప్పందం పూర్తిగా చదివి సంతకం పెట్టండి. రాసిన పనికే వాడాలి. ఫ్రిజ్ ఎవరో ఉచితంగా ఇచ్చారనుకోండి, ఆ 4,200తో వేరేది కొనే ముందు ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి మెయిల్ చేసి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. దాదాపు ఎప్పుడూ ఒప్పుకుంటారు. అడక్కుండా చేస్తే మాత్రం ఆ సంస్థ మీద నమ్మకం పోతుంది. రిపోర్టులో అనుకున్నది జరగకపోతే జరగలేదనే రాయండి, ఎందుకో రాయండి. ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ మద్దతుగా సంస్థ పేరు గానీ డబ్బు గానీ వాడకూడదు. 501(సి)(3) సంస్థలకి ఇది పూర్తి నిషేధం. మన ఊరివాడు స్కూల్ బోర్డుకి నిలబడినా సరే.

కాదన్నారు. మా పని మంచిది కాదనా?

కానే కాదు. పైన చెప్పిన 10 కోట్ల డాలర్ల ఫౌండేషన్ లెక్క మళ్ళీ చూడండి. మంచి దరఖాస్తులే చాలావరకు వెనక్కి పోతాయి. రెండు వారాలాగి ఫోన్ చేసి, కమిటీ ఏమందో అడగండి. చాలామంది ఆఫీసర్లు వివరంగా చెబుతారు. వాళ్ళు చెప్పింది సరిచేసుకుని వచ్చే విడతలో మళ్ళీ పెట్టండి. రెండోసారో, మూడోసారో అడిగాక గ్రాంటు వచ్చిన సంస్థలు చాలా ఉన్నాయి. ఈలోగా గివింగ్ డేలో, అంటే ఆ ప్రాంతపు సంస్థలన్నీ ఒకే రోజున ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే కార్యక్రమంలో చేరండి. డాలస్ ప్రాంతంలో కమ్యూనిటీస్ ఫౌండేషన్ ఆఫ్ టెక్సస్ 2009లో మొదలుపెట్టిన నార్త్ టెక్సస్ గివింగ్ డే ఏటా సెప్టెంబరులో జరుగుతుంది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉన్న తెలుగు కుటుంబాలకి మీ సంస్థని పరిచయం చేయడానికి అంతకన్నా మంచి రోజు లేదు. చిన్న చిన్న మొత్తాలైనా, ఇంతమంది స్థానికులు మీకిచ్చారన్న సంగతి తర్వాతి దరఖాస్తులో రాసుకోవచ్చు.

ఇండియాలో ఇలాంటివి లేవా?

తక్కువ. ముంబయిలో బాంబే కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్ట్ ఈ పద్ధతిలోనే ఏర్పడింది. మన రెండు రాష్ట్రాల్లో స్థానిక సంస్థలకి సంస్థాగత డబ్బు ఎక్కువగా కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధులు) నుంచి వస్తోంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. అది కంపెనీ నిర్ణయం, ఊరివాళ్ళది కాదు. విశాఖలోనో వరంగల్‌లోనో ఊరివాళ్ళే కలిసి నడిపే నిధి ఒకటి రావాలని నాకు గట్టిగా ఉంది.

మా కుటుంబమే ఒక ఫండ్ పెట్టాలనుకుంటోంది. ఎలా?

ఫౌండేషన్‌లో దాతల విభాగానికి ఫోన్ చేయండి. కనీస మొత్తం చాలాచోట్ల 5,000 నుంచి 25,000 డాలర్ల మధ్య ఉంటుంది, ఏటా ఒక శాతం అటూ ఇటూగా నిర్వహణ ఫీజు తీసుకుంటారు. ధర పెరిగిన కంపెనీ షేర్లు నేరుగా ఇస్తే ఆ లాభం మీద పన్ను పడదు, ఐటీ ఉద్యోగుల్లో చాలామందికి ఇది పనికొస్తుంది. అమ్మానాన్నల పేరు పెట్టుకోవచ్చు. ఒక్క విన్నపం: ఫారంలో "ఈ ఫండ్ ఉద్దేశం" అన్న గడి దగ్గర మరీ ఇరుకైన షరతు రాయకండి. వీలైతే కొంత భాగమైనా షరతుల్లేకుండా ఊరికి వదలండి. ఫ్రిజ్ కోసం అడుగుతున్న ఆ ప్యాంట్రీకి వెళ్ళేది ఆ డబ్బే.